బంతి సాలు, వేప కషాయం: వేళ తప్పితే వృథా
పడమటి మండలాల కూరగాయ తోటల్లో మందుల ఖర్చు తగ్గించే దారి

మదనపల్లె: పడమటి మండలాల కూరగాయ రైతును వేధించే సమస్యలు రెండు. ఒకటి మండీలో ధర, రెండవది తోటలో పురుగు. ధర రైతు చేతిలో లేదు. 2023 జూలై నెలాఖరులో మదనపల్లె మార్కెట్టులో మొదటి రకం టమోటా కిలో 200 రూపాయల దరిదాపులకు చేరింది. సెప్టెంబరు వచ్చేసరికి అదే టమోటాకు కోత కూలీ, బండి బాడుగ గిట్టడమే కష్టమైంది. పురుగు సంగతి అలా కాదు. అది ఎప్పుడు వస్తుందో, ఎక్కడ గుడ్డు పెడుతుందో తెలిసిన రైతు దాన్ని చాలావరకు అదుపులో పెట్టుకోగలడు. ఖర్చు తగ్గించుకునే వీలున్నదీ అక్కడే.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల్లో టమోటా తోటల పక్కన బంతి మొక్కలు కనబడటం కొత్త కాదు. వేపాకు, సీతాఫలం ఆకు, పచ్చిమిరప, తెల్లగడ్డలతో కషాయాలు కాచే రైతులూ ఉన్నారు. అయితే వీటిని వాడి చూసినవారు రెండు రకాలుగా మాట్లాడతారు. మంచి గుణం ఇచ్చిందని కొందరంటే, ఏమీ పనిచేయలేదని మరికొందరు అంటారు. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు. తేడా అంతా వేళలో ఉన్నది. బంతి గానీ, కషాయం గానీ అంగడి మందు మాదిరి పురుగు ముదిరిన తరువాత వాడేవి కావు. పురుగు కన్నా ముందే తోటలో సిద్ధంగా ఉండవలసినవి.

చల్లని నేల, ఎడతెగని పంట

మదనపల్లె సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున ఉన్నది. కుప్పం కూడా దాదాపు అంతే ఎత్తు. ఎండాకాలంలో పల్లపు జిల్లాల్లో టమోటా పూత వేడికి రాలిపోతూ ఉంటే, ఇక్కడ కాపు నిలుస్తుంది. ఇతర రాష్ట్రాల వ్యాపారులు మదనపల్లె మండీలకు రావడానికి ఇదే మూలకారణం. కాని ఏడాది పొడుగునా ఏదో ఒక చేలో టమోటా ఉంటుంది గనుక పురుగుకు కూడా ఏడాది పొడుగునా మేత దొరుకుతున్నది. ఒక రైతు తోట పెరికే సమయానికి పక్క రైతు తోట పూతకు వస్తుంది. రెక్కల పురుగుకు గట్టు అడ్డం కాదు.

టమోటా కాయను తొలిచేది శనగపచ్చ పురుగు. ఆడ రెక్కల పురుగు ఒక్కొక్కటి వందల సంఖ్యలో గుడ్లు పెడుతుంది. గుడ్డు మూడు నాలుగు రోజుల్లో పగులుతుంది. చిన్న పురుగు మొదట ఆకును, పూతను కొరికి, తరువాత కాయలోకి తల దూర్చి తింటుంది. ఒక కాయతో తృప్తిపడక పక్క కాయకు పోతుంది. తల కాయలోకి పోయిన తరువాత ఏ మందు కొట్టినా పూర్తిగా తగలదు. కాబట్టి రైతుకు మిగిలిన గడువు గుడ్డు దశ, చిన్న పురుగు దశ మాత్రమే.

ఈ పురుగు తెలుగు రైతులకు కొత్తది కాదు. శనగ, కంది, పత్తి చేలను తినేదీ ఇదే. 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి చేలను ముంచెత్తి రైతులను అప్పులపాలు చేసింది ఈ పురుగే. అప్పటికి కొత్తగా వచ్చిన సింథటిక్ పైరిత్రాయిడ్ మందులను మళ్ళీ మళ్ళీ కొట్టడంతో పురుగు వాటికి తట్టుకునే శక్తి తెచ్చుకున్నది. మందు మోతాదు పెరిగింది, పురుగు తగ్గలేదు. ఆ ఏడాది పలువురు పత్తి రైతులు ప్రాణాలు తీసుకున్నారు. అంగడిలో ఇచ్చిన రెండు మూడు మందులు కలిపి కొట్టి, ఆ బాకీ కాయ అమ్మిన తరువాత తీర్చే టమోటా రైతు ఈ సంగతి మరువరాదు.

పదహారు సాళ్ళకు ఒక సాలు

బంతిని ఎర పంటగా వాడే పద్ధతిని పరీక్షించి చెప్పినది బెంగుళూరు దగ్గర హెసరఘట్టలోని భారత ఉద్యాన పరిశోధన సంస్థ. అక్కడి శాస్త్రవేత్తలు ఈ ఫలితాలను 1994లో ప్రకటించారు. వారు చెప్పిన లెక్క ఇది: ప్రతి 16 సాళ్ళ టమోటాకు ఒక సాలు పొడుగు రకం ఆఫ్రికన్ బంతి. నాటేనాటికి బంతి నారు వయసు 45 రోజులు, టమోటా నారు వయసు 25 రోజులు ఉండాలి.

కిటుకు అంతా ఈ 20 రోజుల తేడాలోనే ఉన్నది. శనగపచ్చ రెక్కల పురుగుకు బంతి మొగ్గ, పువ్వు అంటే మక్కువ ఎక్కువ. టమోటా పూతకు వచ్చేనాటికి బంతి కూడా మొగ్గ తొడిగి ఉంటే, పురుగు టమోటాను వదిలి బంతి మీద ఎక్కువ గుడ్లు పెడుతుంది. టమోటాతోపాటు అదే రోజున బంతి విత్తనం చల్లితే, టమోటా పూత వచ్చినప్పుడు బంతి ఇంకా ఆకు మీదనే ఉంటుంది. అప్పుడు పురుగును పిలవడానికి తోటలో పువ్వు లేదు. పనిచేయలేదు అన్నవారిలో చాలామందికి జరిగేది ఇదే.

ఇక్కడ మరొక చిక్కు ఉన్నది. మన రైతులు ఇప్పుడు టమోటా నారు స్వయంగా పోసుకోవడం తగ్గింది. నర్సరీలో ట్రేల నారు తెచ్చి నాటుతున్నారు. టమోటా నారు కోసం వెళ్ళిన రోజున బంతి నారు అడిగితే లేత నారు దొరకవచ్చు, లేదా కుండీల్లో పెంచే పొట్టి రకం దొరకవచ్చు. పరీక్షకు నిలిచినది పొడుగు రకమే. కాబట్టి టమోటా విత్తనం నర్సరీలో పడటానికి 20 రోజుల ముందే బంతి విత్తనం పడాలి. ఇంటి దగ్గర చిన్న మడిలో పోసుకున్నా సరిపోతుంది.

నేల పోతుందన్న భయం అక్కరలేదు. పదిహేడు సాళ్ళలో ఒకటి అంటే నూటికి ఆరు సాళ్ళు కూడా కాదు. పండుగల రోజుల్లో ఆ పువ్వుకు ఎంతో కొంత వెల వస్తుంది. బంతి వేళ్ళ నుంచి వచ్చే పదార్థం వేరుబుడిపె కలిగించే నులిపురుగులను అణచుతుంది. టమోటా పెరికిన మడిలో వేళ్ళకు బుడిపెలు కనబడితే, మరుసటి పంటగా ఆ మడి అంతా బంతి వేయడం మేలు.

ఎర వేసి వదిలేస్తే

బంతి పురుగును తరిమేది కాదు, పిలిచేది. ఈ సంగతి గ్రహించకపోతే లాభం కన్నా నష్టం ఎక్కువ. పిలిచిన పురుగును అక్కడే అంతం చేయకపోతే బంతి సాలే పురుగుల పెంపకశాల అవుతుంది. గుడ్డు పగిలి, పురుగు ఎదిగి, మట్టిలో కోశస్థ దశ గడిపి, రెక్కలతో లేచి టమోటా మీదికే వస్తుంది.

అందువల్ల మొగ్గ కనబడిన నాటినుంచి రెండు మూడు రోజులకు ఒకసారి బంతి సాలు వెంట నడవాలి. పురుగు ఉన్న మొగ్గలను తుంచి వేడినీళ్ళలో వేయాలి. ఎకరా తోటకు ఇది కొద్దిసేపటి పని. శాస్త్రవేత్తలు ఎన్.పి.వి. ద్రావణం కూడా సూచించారు. ఇది శనగపచ్చ పురుగుకు మాత్రమే జబ్బు తెచ్చే వైరస్సు. హెక్టారుకు 250 ఎల్.ఇ. మోతాదు, అంటే 250 జబ్బు పురుగుల నుంచి తీసిన సత్తువ. ఎండ తగ్గిన తరువాత సాయంత్రం కొట్టాలి. జబ్బు తగిలిన పురుగు మెత్తబడి, నల్లబడి, కొమ్మకు తలకిందులుగా వేలాడి చస్తుంది. మనిషికి, పశువుకు, తేనెటీగకు హాని లేదు.

గుడ్ల మీద పనిచేసే మిత్రుడు ట్రైకోగ్రామా. కంటికి ఆననంత చిన్న కందిరీగ జాతి ఇది. శనగపచ్చ పురుగు గుడ్డులో తన గుడ్డు పెట్టి, లోపలి సారం తిని బయటికి వస్తుంది. అట్టముక్కల మీద అంటించిన గుడ్లతో వీటిని తోటలోకి వదులుతారు. అక్షింతల పురుగులు, సాలీళ్ళు పిలవకుండానే వస్తాయి. విషపు మందు కొట్టిన తోటలో మొదట చచ్చేది ఈ మిత్రులే. బంతి సాలు వేసి, టమోటా మీద ఘాటు మందు కొట్టడం కాపలావాణ్ణి పెట్టి తన్నడం వంటిది.

బంతి చేయలేని పనులు

బంతి ఒక్కటే చాలు అనుకోవడం పొరపాటు. ఆకుముడత వైరస్సును మోసేది తెల్లదోమ. మొవ్వు ఎండిపోయే వైరస్సును మోసేది తామర పురుగు. వీటికి బంతి అడ్డు కాదు. పైగా తామర పురుగులు, ఎర్రనల్లి బంతి మీద కూడా పెరుగుతాయి. బంతి ఆకులు పసుపు తిరిగి బూజు వంటి గూడు కనబడితే ఆ మొక్కలను వెంటనే పెరికి దూరంగా కాల్చివేయాలి.

తెల్లదోమకు నారుమడి దశ నుంచే దోమతెర కట్టాలి. తోట చుట్టూ మూడు నాలుగు సాళ్ళు జొన్న గానీ, మొక్కజొన్న గానీ టమోటాకు ముందే దట్టంగా వేసి ఉంచాలి. దోమ నేరుగా తోటలో పడకుండా ఈ కంచె ఆపుతుంది. జిగురు రాసిన పసుపు అట్టలు తెల్లదోమను, నీలి అట్టలు తామర పురుగును పట్టి చూపిస్తాయి. వైరస్సు సోకిన మొక్కకు మందు లేదు. పెరకడమే మందు.

ఇటీవలి సంవత్సరాల్లో వచ్చిన మరొక బెడద టూటా. దక్షిణ అమెరికాలో పుట్టిన ఈ చిన్న రెక్కల పురుగు మన దేశంలో 2014లో మహారాష్ట్రలో బయటపడింది. మన వైపు రైతులు దీన్ని ఊజి అంటున్నారు. పట్టుపురుగుల పెంపకంలో నష్టం చేసే ఊజి ఈగ పేరే దీనికీ పెట్టారు గాని, రెండూ ఒకటి కావు. టూటా ఆకు పొరల మధ్య సొరంగం తొలిచి, కాయకు సూదిమొనంత రంధ్రాలు చేస్తుంది. దీనికి లింగాకర్షక బుట్టలు కట్టడం, మచ్చ పడిన ఆకులు కోసి తగులబెట్టడం, పంట అయిపోయిన మోళ్ళను గట్టున పడవేయకుండా నాశనం చేయడం అవసరం. పక్కపక్క రైతులు కలిసి చేస్తేనే ఫలితం. ఒక్కరు చేస్తే పక్క చేను నుంచి మళ్ళీ వస్తుంది.

వేప చంపదు, మాన్పిస్తుంది

1959లో సూడాన్ దేశంలో మిడతల దండు పచ్చని చెట్టంటూ మిగలకుండా తినివేసి, వేపచెట్లను మాత్రం వదలిపోవడం జర్మన్ శాస్త్రవేత్త ష్ముటెరెర్ గమనించారు. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థలో ప్రధాన్, ఆయన సహచరులు వేపగింజల ద్రావణం చల్లిన పైరును మిడతలు ముట్టవని 1962లో తెలియజేశారు. వేపలోని అసలు పదార్థమైన అజాడిరక్టిన్‌ను 1968లో ఇంగ్లండులో వేరుచేశారు.

వేపనూనెతో తెగుళ్ళను అరికట్టే పద్ధతి మీద అమెరికా వ్యవసాయశాఖకు, గ్రేస్ కంపెనీకి కలిపి యూరపులో 1994లో పేటెంటు ఇచ్చారు. ఇది భారత రైతులు ముందునుంచి ఎరిగినదేనని వందనా శివ ప్రభృతులు పోరాడగా, 2000 మే నెలలో దాన్ని రద్దు చేశారు. కంపెనీ అప్పీలు 2005 మార్చిలో వీగిపోయింది. మన పెరటి చెట్టు కోసం దేశాలు కోర్టుకెక్కినా, మన ఊళ్ళలో వేపపండ్లు దారిలో రాలి తొక్కుడు పడుతున్నాయి.

వేపగింజల కషాయం చేసే పద్ధతి తేలిక. జ్యేష్ఠ, ఆషాఢ మాసాల్లో రాలిన పండ్లను ఏరి, తొక్క తీసి, కడిగి, నీడన ఆరబెట్టాలి. ఎండలో ఆరబెడితే సత్తువ పోతుంది. బూజు పట్టిన గింజ, ఏడాది దాటిన గింజ పనికిరావు. అయిదు కిలోల పప్పును పొడిచేసి పది లీటర్ల నీళ్ళలో రాత్రంతా నానబెట్టాలి. ఉదయం మెత్తని గుడ్డతో రెండుసార్లు వడకట్టాలి, లేకుంటే స్ప్రేయరు నాజిల్ మూసుకుపోతుంది. 100 గ్రాముల సబ్బుపొడి కలిపి, 100 లీటర్లు అయ్యేదాకా నీళ్ళు పోయాలి. కాపు మీదున్న ఎకరా టమోటాకు సుమారు 200 లీటర్లు పడుతుంది, అంటే పది కిలోల పప్పు. చేసిన రోజునే సాయంత్రం కొట్టాలి. ఎండకు వేప గుణం త్వరగా తగ్గిపోతుంది.

మందు కొట్టిన మరునాడు తోటలోకి పోయి, పురుగు ఇంకా కదులుతున్నదని నిరాశపడేవారు చాలామంది. వేప విషం మాదిరి వెంటనే చంపదు. చిన్న పురుగు తిండి మానుతుంది, కుబుసం విడవలేక పోతుంది, ఎదగకుండా చస్తుంది. రెక్కల పురుగు ఆ ఆకు మీద గుడ్డు పెట్టడానికి వెనుకాడుతుంది. ముదిరిన పురుగు మీద దీని ప్రభావం తక్కువ. కాబట్టి పూత దశలోనే మొదలుపెట్టి, వారం పది రోజులకు ఒకసారి కొట్టాలి. వాన పడితే మళ్ళీ కొట్టాలి.

ఆవు పంచితం, ఆకు కషాయాలు

ప్రకృతి వ్యవసాయంలో నీమాస్త్రం, అగ్నిఅస్త్రం, బ్రహ్మాస్త్రం అనే పేర్లు ఇప్పుడు ఊరూరా వినబడుతున్నాయి. నీమాస్త్రానికి అయిదు కిలోల వేపాకు దంచి, అయిదు లీటర్ల ఆవు పంచితం, కిలో పేడతో 100 లీటర్ల నీళ్ళలో ఒకటి రెండు రోజులు ఊరవేస్తారు. రసం పీల్చే పురుగులకు, చిన్న పురుగులకు వాడతారు. బ్రహ్మాస్త్రంలో వేప, సీతాఫలం, ఉమ్మెత్త వంటి ఆకులను పంచితంలో కాస్తారు.

పుంగనూరు పేరు చెప్పగానే సుమారు మూడడుగుల ఎత్తుండే పొట్టి ఆవు గుర్తుకు వస్తుంది. ఆ జాతిని కాపాడే పని పలమనేరు పశు పరిశోధనా కేంద్రంలో సాగుతున్నది. పుంగనూరు ఆవు ఇప్పుడు సామాన్య రైతు కొనగలిగే వెలలో లేదు. ఊరిలోని ఏ నాటు ఆవు పంచితమైనా కషాయానికి సరిపోతుంది. ట్రాక్టరు వచ్చి కొట్టంలో పశువు పోయిన ఇంటికి మాత్రం పంచితం కూడా కొనవలసిన సరుకు అయింది.

ఆకు కషాయం గదా అని జాగ్రత్త విడవరాదు. అగ్నిఅస్త్రంలో వేసే పొగాకులోని నికోటిన్ మనిషికీ విషమే. ఉమ్మెత్త అంతకు తక్కువ కాదు. కాచే పాత్రలు వంటకు వాడరాదు. కొట్టేటప్పుడు ముక్కుకు గుడ్డ, చేతికి తొడుగు ఉండాలి. కొట్టిన వెంటనే కాయ కోయరాదు.

కుప్పంలో ఆవాల సాలు

కుప్పం వైపు క్యాబేజి, కాలీఫ్లవరు వేసే రైతులకు ఉపయోగపడే ఎర పంట ఆవాలు. క్యాబేజిని జల్లెడ చేసే డైమండు రెక్కల పురుగు ఆవాల మొక్కను ఎక్కువ ఇష్టపడుతుంది. హెసరఘట్ట సంస్థ చెప్పిన ప్రకారం 25 సాళ్ళ క్యాబేజికి జంట సాలు ఆవాలు వేయాలి. ఒక సాలు క్యాబేజి నాటడానికి 15 రోజుల ముందు, రెండవది నాటిన 25 రోజులకు. మొదటి సాలు ముదిరి ఎండే వేళకు రెండవది అందివస్తుంది. ఇక్కడా వేళే ముఖ్యం. వేపగింజల కషాయం దీనికి తోడు.

కుప్పం ప్రాంతంలో బంతి, చామంతి తోటలు ఎలాగూ ఉన్నాయి. అయితే అమ్మకానికి వేసిన బంతి తోట వేరు, ఎర పంట వేరు. పువ్వు నిగనిగలాడాలని అమ్మకం తోటకు మందులు కొడతారు. అలాంటి తోట పక్కన ఉన్నంత మాత్రాన టమోటాకు కాపలా దొరకదు.

ఎవరికి మేలు, ఎవరికి భారం

మందుల వాడకం తగ్గితే మొదట మేలు పొందేది తినేవారు కాదు, కొట్టేవారు. వీపున స్ప్రేయరు మోసే కూలీ, మరునాడు తోటలో దిగి కాయ కోసే ఆడవారు ఆ విషాన్ని ముందుగా పీలుస్తున్నారు. మోనోక్రోటోఫాస్‌ను కూరగాయల మీద కొట్టరాదని కేంద్ర ప్రభుత్వం 2005లోనే నిషేధించింది. ఎండోసల్ఫాన్‌ను సుప్రీంకోర్టు 2011 మే నెలలో ఆపించింది. అంతకు ముందు ఎన్నో ఏళ్ళు ఆ మందులు మన తోటల్లో కొట్టినవే.

మన రాష్ట్రంలో ఈ దారి కొత్తది కాదు. ఖమ్మం జిల్లా పునుకుల గ్రామ రైతులు విషపు మందులు పూర్తిగా మాని 2003లో తమ ఊరిని పురుగుమందులు లేని గ్రామంగా ప్రకటించుకున్నారు. అప్పుడది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్. రైతు సాధికార సంస్థ 2016లో మొదలుపెట్టిన ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం 2024లో పోర్చుగల్ దేశపు గుల్బెంకియన్ బహుమతిని మరి ఇద్దరితో కలిసి అందుకున్నది.

బహుమతులు వచ్చినా మండీలో మాత్రం తేడా లేదు. వేలంపాటలో చూసేది కాయ సైజు, రంగు, గట్టితనం. బంతి సాలు వేసి పండించిన టమోటాకు వేరు కుప్ప లేదు, వేరు ధర లేదు. పైగా చిన్న మచ్చ ఉంటే ధర తెగ్గోస్తారు. కాబట్టి రైతుకు ప్రస్తుతం మిగిలే లాభం ఖర్చు తగ్గడమే. ధర పడిపోయిన ఏడాదిలో అంగడి బాకీ తక్కువ ఉన్న రైతు నిలదొక్కుకుంటాడు. ఆ లాభం చిన్నది కాదు.

అధికారులు చేయవలసిన పనులు కొన్ని ఉన్నాయి. టమోటా నారు ఇచ్చే నర్సరీలు 45 రోజుల పొడుగు రకం బంతి నారును కూడా సిద్ధంగా ఉంచేలా చూడాలి. ఆషాఢంలో మహిళా సంఘాల ద్వారా వేపగింజలు సేకరించి, ఊరిలోనే పొడి చేసి, రైతు సేవా కేంద్రాల్లో అందుబాటులో పెట్టాలి. ఎన్.పి.వి., ట్రైకోగ్రామా అట్టలు అడిగిన వారంలో దొరకాలి. కలికిరి కృషి విజ్ఞాన కేంద్రం సాయంతో మండలానికి ఒక చూపుడు తోట వేస్తే రైతులు కళ్ళారా చూసి నమ్ముతారు.

రైతు సోదరులు ఎకరా మొత్తంలో ఒక్కసారిగా ప్రయోగం చేయనవసరం లేదు. రాబోయే పంటకు పావు ఎకరాలో చేసి చూడవచ్చు. ముందుగా చేయవలసిన పని ఒక్కటే: టమోటా నారు పోయడానికి 20 రోజుల ముందు గుప్పెడు బంతి విత్తనం మడిలో చల్లడం.